దుప్పటి కింది పాట

పొద్దున్నే మెలకువ రాగానే ఆమె లేవదు. వెల్లకిలా తిరిగి, తలగడ పక్కకి తోసి, కాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి, కప్పుకున్న దుప్పటిని మొహం మీదికి లాక్కుంటుంది. కాసేపు ఏ అలికిడీ ఉండదు. తర్వాత దుప్పటి లోపల్నుంచి సన్నగా ఒక స్వరం బయల్దేరుతుంది. అది నిలబడ్డాక దాని మీద ఇంకొకటి. పాలవాడు తలుపు కొట్టేదాకా అలా సాగుతుంది. పొట్ట ఎగయదు, రొమ్ము కదలదు. దుప్పటి మీద ఒక్క ముడతా మారదు.

ఎదురు వాటాలోకి కొత్తగా దిగిన ఆవిడ ఒకసారి చక్కెర అడగడానికి వచ్చి, తెరిచి ఉన్న కిటికీలోంచి ఈ దృశ్యం చూసింది. గిన్నె జారవిడిచి పెట్టిన కేకకి వీధి వీధంతా పోగయింది. ఆమె దుప్పటి తీసి లేచి కూర్చుని, "చక్కెర డబ్బా రెండో అరలో ఉందండీ, తీసుకోండి" అంది. ఎదురు వాటావిడ ఆ తర్వాత చక్కెర కోసం వేరే ఇంటికి వెళ్తోంది.

ఆమె వృత్తి శవంగా ఉండటం. ఈ మాట వింటే నవ్వు వస్తుంది. నవ్వాలనే ఆ నాటకం రాశారు కూడా. పేరు 'చావు నిషేధం'. కొన్ని వందల ఏళ్ళ కిందట ఒక రేవు పట్నానికి మహమ్మారి వచ్చిన రోజుల కథ అది, సగం మాటలు, సగం పాటలు. ఊళ్ళో జనం పిట్టల్లా రాలిపోతుంటారు. పైనుంచి తనిఖీకి వచ్చే దొరవారికి అంతా బాగున్నట్టు చూపించాలని నగరాధికారి ఒక ఉత్తర్వు వేస్తాడు: ముందస్తు అనుమతి లేనిదే ఎవరూ చావకూడదు. ఇక అక్కణ్ణుంచి గందరగోళం. చచ్చినవాళ్ళని అరుగుల మీద కూర్చోబెట్టి చేతికి విసనకర్ర ఇస్తారు. వైద్యులు ముక్కులకి మూలికల సంచులు కట్టుకుని గంతులేస్తూ పాడతారు. శవాల బండివాడు కూరగాయలవాడిలా ప్రతి గడప ముందూ ఆగి, "ఉన్నాయా అమ్మా, ఉన్నాయా?" అని రాగం తీస్తాడు. లోపల్నుంచి ఒక ఇల్లాలు, "ఇవాళ లేవు, రేపు రా నాయనా" అని అదే రాగంలో జవాబు చెప్తుంది.

మూడో అంకంలో బండి స్టేజీ మధ్యకి వచ్చి ఆగుతుంది. ఒక తల్లి పరుగెత్తుకొచ్చి, బండిలో పైన పడున్న కూతుర్ని చూస్తుంది. పోయిందంటే ఒప్పుకోదు. పొద్దెక్కినా పక్క దిగని పిల్లని లేపినట్టు తిట్లకి లంకించుకుంటుంది.

లేవవే మొద్దుపిల్లా, ఎండ నడినెత్తికొచ్చింది
పొయ్యి మీది నీళ్ళన్నీ మరిగి ఆవిరైపోయాయి
ఇంత నిద్ర ఏమిటే, ఎవరు నేర్పారే నీకిది
నన్నడక్కుండా ఎక్కడికే ఈ బండి ప్రయాణం

మొదటి చరణానికి హాలంతా నవ్వుతుంది. రెండో చరణానికి నవ్వు అక్కడక్కడే మిగులుతుంది. మూడో చరణం వచ్చేసరికి, ఇంతసేపూ నవ్వినందుకు జనం పక్కవాళ్ళ మొహం చూడరు. నాటకం బతికింది ఆ పాట మీదే.

బండిలో కింద ఉన్న శవాలు గుడ్డపీలికలు కూరిన బొమ్మలు. పైనున్న కూతురు మాత్రం మనిషే అయి ఉండాలి. పాట చివర తల్లి పట్టుకున్న కూతురి చెయ్యి వదిలేస్తే, అది బండి అంచు మీంచి జారి కొంచెం ఊగి ఆగాలి. బొమ్మ చెయ్యి అలా ఊగదు. ఆ చెయ్యి ఈమెది.

ఆమె తండ్రి హార్మోనియంలు బాగుచేసేవాడు. ఇరుకు కొట్టు. ముందు గదిలో విప్పేసిన పెట్టెలు, వెనక గదిలో సంసారం. తండ్రి స్వరం కుదరడానికి ఒక్కో రీడు రేకు గీకి ఊదుతుంటే, వంట చేస్తూనే కూతురు "ఇంకా కొంచెం, నాన్నా" అనేది. ఆ కొట్లో పెరిగిన పిల్లకి శ్రుతి తప్పితే కంట్లో నలుసు పడ్డట్టు ఉండేది. తీసేదాకా నిలవనిచ్చేది కాదు. నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించే అబ్బాయి ఒకసారి పెట్టె బాగుచేయించుకోవడానికి వచ్చి, వెనక గదిలో వినబడ్డ పాటకి మైమరచి, పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళాడు. రెండోసారి పెట్టె కోసం వచ్చాడు. మూడోసారి పిల్ల కోసం వచ్చాడు.

కంపెనీ అతని తల్లిది. 'చావు నిషేధం'లో తల్లి వేషం ఆవిడదే. పడుచు వయసులో కట్టడం మొదలుపెట్టింది. మొదట్లో మొహాన ముడతలు గీసుకునేది, తర్వాత్తర్వాత గీసుకునే పని లేకపోయింది. పెళ్ళిమాటలప్పుడు అబ్బాయి ఆమెని పక్కకి పిలిచి చెప్పిన మాట ఒకటే. "అమ్మకి వయసొస్తోంది. ఇంకెంత, మహా అయితే రెండు మూడేళ్ళు. ఆ తర్వాత ఆ పాట నీదే."

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. నగల గురించి అడగలేదు, ఇల్లు సొంతమా అద్దెదా అనీ అడగలేదు. పాట ఎప్పుడిస్తారు అన్నదొక్కటే మనసులో ఉండేది.

"పాట వింటూ నేర్చుకోవాలే అమ్మాయ్," అంది అత్తగారు. "నా పక్కనుంటేనే వినబడుతుంది. బండెక్కు."

అలా బండెక్కింది. మొహానికి సున్నపు పొడి, పెదాలకి మసి, పైన ముతక దుప్పటి. కదలకుండా పడుకోవడం అనుకున్నంత తేలిక కాదు.

"ముక్కు మీద ఈగ వాలిందత్తయ్యా, ఏం చెయ్యను?"

"చచ్చినవాళ్ళకి ఈగలు కొత్తేమిటే?"

"దురద పుడితే?"

"చచ్చినవాళ్ళకి దురద లేదు. నీకుందంటే నువ్వింకా చావలేదన్నమాట. సరిగ్గా చావు."

బండి తోసే వేషం మరిదిది. అతనే కంపెనీకి హాస్యగాడు. తెర లేవబోయే ముందు బండి కర్ర పట్టుకుని రోజూ ఒకే ప్రశ్న అడిగేవాడు.

"వదినా, ఇవాళ ఎక్కడిదాకా?"

"నువ్వెక్కడ దించితే అక్కడిదాకా."

"బరువుగా ఉన్నావు. మధ్యాహ్నం రెండోసారి వడ్డించుకున్నావా ఏం?"

"కింద ఉన్న బొమ్మల్ని అడుగు, అవేం తిన్నాయో."

రెండు మూడేళ్ళు గడిచాయి. అత్తగారు పాట మాటెత్తలేదు. భర్త కూడా ఎత్తలేదు. ఆమె ఒకసారి ఎత్తితే, "అమ్మకి ఇంకా ఓపికుందే, ఉన్న మనిషిని దింపేస్తామా?" అన్నాడు. న్యాయంగానే ఉంది. ఆమె ఊరుకుంది.

అప్పటికే అత్తగారికి చెవి మందగిస్తోందని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. హార్మోనియం స్టేజీకి అటు చివర తెర పక్కన ఉంటుంది, బండి ఇటు. ఒక సాయంత్రం ఆటలో అత్తగారు పల్లవి అందుకోబోయి కొద్దిగా కిందికి జారింది. హాల్లో ఎవరికీ తెలిసేంత కాదు. దుప్పటి కింద ఉన్న కోడలికి మాత్రం కంట్లో నలుసు పడింది. తనకి తెలియకుండానే, మూసిన పెదాల వెనకనుంచి సరైన స్వరాన్ని సన్నగా అందించింది. తన మీదికి వంగి ఉన్న అత్తగారు ఒక్క క్షణం ఆగి, దాన్ని పట్టుకుని పైకి లేచింది.

ఆట అయ్యాక మొహం కడుక్కుంటూ కోడలు తిట్ల కోసం ఎదురుచూసింది. శవం గొంతు విప్పడం ఆ కంపెనీలో చిన్న తప్పు కాదు. అత్తగారు ఏమీ అనలేదు. మర్నాడు వడ్రంగిని పిలిపించి, బండి తలవైపు చెక్కకి వరసగా కన్నాలు పెట్టించింది.

"కన్నాలెందుకమ్మా?" అన్నాడు మరిది.

"లోపల పడుకునేది మనిషిరా. గాలి ఆడొద్దూ?"

"ఇన్నేళ్ళుగా ఆడలేదుగా?"

"బండి తోసేవాడికి ఇంత నోరెందుకురా నీకు?"

తర్వాత ముతక దుప్పటి పోయి పల్చటిది వచ్చింది. అత్తగారి వేషానికి నెత్తి మీంచి గడ్డం దాకా దిగే నల్లటి ముసుగు వచ్చింది. ఈ సంగతి మీద అత్తాకోడళ్ళ మధ్య ఒక్క మాటా నడవలేదు. మాటలన్నీ వడ్రంగితోనూ దర్జీతోనూ నడిచాయి.

మొదట ఒక్క స్వరం. తర్వాత అత్తగారికి అందని పై స్థాయి ముక్కలు. ఆపైన ఒక చరణం. చివరికి పాట పాటంతా దుప్పటి కిందనుంచే వచ్చేది. పైన తల్లి వంగేది, విలపించేది, కూతురి భుజాలు పట్టి కుదిపేది. తల్లి తిట్టాల్సిన తిట్లన్నీ శవం తనని తానే తిట్టుకునేది.

పాటకి అంతవరకూ లేని పేరు అప్పుడే వచ్చింది. పక్క ఊళ్ళ నుంచి జనం ఆ ఒక్క అంకం కోసం వచ్చి, బయట పల్లీలు నములుతూ మొదటి రెండు అంకాలూ అయ్యేదాకా నిలబడేవాళ్ళు. ఒక పత్రిక విలేకరి రాశాడు: "ఈ వయసులో ఆమె గొంతుకి ఏదో కొత్త లోతు వచ్చింది. మట్టి పొరల కిందనుంచి ఎవరో పిలుస్తున్నట్టుంటుంది." మరిది ఆ వాక్యాన్ని వంటింట్లో పైకి చదివి వినిపించి, "మట్టి కాదు నాయనా, మా దర్జీ కుట్టిన నూలు దుప్పటి" అన్నాడు. అందరూ నవ్వారు. అత్తగారు కూడా నవ్వింది. కోడలు అందరికంటే ఎక్కువ నవ్వింది. అప్పటికింకా పాట తనకే వస్తుందన్న నమ్మకం ఉంది. ఇచ్చిన రోజున అందరికీ తెలుస్తుంది కదా అనుకుంది.

పాటల రికార్డులు చేసేవాళ్ళు ఇంటికి వచ్చారు. ఆ పాటొక్కటి కావాలన్నారు. అత్తగారు టీ కప్పులు అందిస్తున్న కోడలి చేతుల వైపు చూసింది గాని మొహం వైపు చూడలేదు. "సరే" అంది.

రికార్డింగు గది గోడలకి మెత్తలు కుట్టి ఉన్నాయి. గాజు పలకకి అవతల యంత్రాల ముందు ఒక పెద్దమనిషి. మరిది, ఇంకో ఇద్దరు కలిసి బండిని తలుపులోంచి అడ్డంగా వంచి లోపలికి తెస్తుంటే ఆయన కంగారుపడి బయటికి వచ్చాడు.

"ఈ బండేమిటమ్మా?"

"నా పాటకి కావాలి."

"సరే, ఉండనీండి. అందులో ఆవిడెవరు?"

"శవం."

"అది తెలుస్తోంది లెండి. రికార్డులో శవం కనబడదు కదమ్మా?"

"మీకు కనబడదు. నాకు కనబడాలి. బిడ్డ ఎదురుగా లేకుండా తల్లి ఎవర్ని చూసి ఏడుస్తుంది నాయనా?"

ఆయన కదిలిపోయాడు. పక్కనున్న వాడితో, "చూశావా, కళంటే ఇదీ" అన్నాడు. తర్వాత మైకు అత్తగారి మొహం దగ్గరికి జరపబోయాడు.

"అక్కడ కాదు. బండి మీదికి వేలాడదీయండి. నేను వంగి పాడతాను."

"ముసుగు తీస్తే మాట స్పష్టంగా వస్తుందేమో..."

"ముసుగు లేని తల్లిని కాదు నేను."

బండి కర్ర పట్టుకుని నిలబడ్డ మరిది దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వెళ్ళిపోయాడు. నవ్వు ఆపుకోలేకో ఇంకెందుకో, తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

పాట ఒక్కసారికే కుదిరింది. అవతలాయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చి అత్తగారి రెండు చేతులూ పట్టుకున్నాడు. వదిలాక మర్యాదకి బండి వైపు కూడా చూశాడు. "ఈ అమ్మాయి కూడా బాగా చేసిందమ్మా. ఒక్కసారీ దగ్గలేదు."

రికార్డు అట్ట మీద అత్తగారి బొమ్మ వేశారు. ముసుగు, దాని వెనక మెరిసే కళ్ళు. బండి వేయలేదు. ఆ అట్టని ఇంట్లో గడియారం పక్కన నిలబెట్టారు.

"నా పేరు వేయమనలేదు," అంది ఆమె భర్తతో. "ఎక్కడో మూల చిన్న అక్షరాల్లోనైనా అని కూడా అనను. మీకు తెలుసు కదా, అది చాలు. తెలుసా?"

అతను హార్మోనియం తోలు తిత్తిని వేలితో నొక్కి చూస్తున్నాడు. "ఒకే ఇల్లు కదే. ఎవరి పేరైతే ఏమిటి? పాట ఎలాగూ నీదే."

"ఎప్పుడు?"

"అదే, అమ్మ తర్వాత."

అత్తగారి మోకాళ్ళు ఒకరోజు స్టేజీ మెట్ల మీద మొరాయించాయి. నిలబడి వేషం కడితే ఇక నడవలేరన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి మంచం మీద చేరగిలబడి, "ఇక నువ్వు చెయ్యవే" అంది. తన చేత్తోనే ముసుగు తీసి ఇచ్చింది.

"ముసుగు వద్దత్తయ్యా."

"ఎందుకు?"

"నా మొహం కనబడాలి. పాడేటప్పుడు పెదాలు కదలడం చూడాలి జనం."

అత్తగారు ఆమెని తేరిపార చూసింది. ఏదో చెప్పబోయినట్టు పెదాలు కదిలాయి. "నీ ఇష్టం" అని ముసుగు మడత పెట్టుకుంది.

ఆ ఆటకి కూతురి వేషంలో దర్జీ చెల్లెల్ని పడుకోబెట్టారు. తెర వెనక కోడలు తల్లి వేషంలో, మొహాన గీసుకున్న ముడతలతో, నిలువునా నిలబడి ఉంది. మరిది బండి తోస్తూ వచ్చి ఆగి, అలవాటు ప్రకారం బండి వైపే చూసి, "వదినా, ఇవాళ ఎక్కడిదాకా?" అనేశాడు. తర్వాత నాలిక్కరుచుకుని ఆమె వైపు తిరిగాడు. "ఇవాళ నువ్వు నడిచే వస్తున్నావు కదూ. దర్జాగా రా."

ఆమె పరుగెత్తుకెళ్ళింది. బండి అంచు పట్టుకుంది. నోరు తెరిచి పల్లవి అందుకుంది.

స్వరం తప్పలేదు. తాళం తప్పలేదు. కాని ఆ గొంతు ఎవరిదో ఆమెకే తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆమె ఆ పాట వీపు కింద చెక్కతో, పెదాల మీద గుడ్డతో పాడింది. రొమ్ము కదలకూడదు కనక ఊపిరిని వీపులోకి తోసుకుని, నోరు గింజంత తెరిచి పాడింది. చెక్క సగం మోసేది, గుడ్డ పదును తీసేసేది. ఇప్పుడు ఊపిరి ఎక్కడికీ ఆనలేదు. గొంతు తేటగా, నున్నగా, కడిగి బోర్లించిన గాజు గ్లాసులా బయటికి వచ్చింది. అందులో మట్టి లేదు. మొదటి చరణానికి జనం నవ్వారు. మూడో చరణానికి కూడా ఎవరో నవ్వారు.

చప్పట్లు కొట్టారు. దూరపు చుట్టం ఎదురుపడితే పలకరించక తప్పదన్నట్టు కొట్టారు.

మేకప్పు గదిలో అత్తగారు కుర్చీలో కూర్చుని ఉంది. మట్టి పొరల గురించి రాసిన విలేకరి లోపలికి వచ్చి, కోడలికి ఒక నమస్కారం పారేసి, నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

"ఎలా ఉందమ్మా మీ కోడలి పాట?"

గదిలో అందరూ ఆగారు. దువ్వెన పట్టుకున్న చెయ్యి జుట్టులోనే ఆగింది. భర్త పెట్టె మూత సగం మూసి ఆగాడు. మరిది గడ్డం ఊడదీస్తూ, సగం గడ్డంతో ఆగాడు. ఒక్క మాట, ఆ మాట ఇవాళ అంటుందేమోనని కోడలు అద్దంలోంచి చూస్తోంది.

అత్తగారు మోకాలి మీద శాలువా సర్దుకుంది. "నేర్చుకుంటుంది లెండి. చిన్నది కదా."

కోడలికి అప్పటికి జుట్టు నెరుస్తోంది.

పత్రికలో రెండు ముక్కలే వచ్చాయి. అత్తగారిని అనుకరించాలని కోడలు తాపత్రయపడుతోందనీ, ఆ గొంతు అనుకరణకి లొంగేది కాదనీ.

"ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయేదత్తయ్యా?" వంటింట్లో నీళ్ళు కాస్తూ అడిగింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగింది.

"ఏ మాట?"

"పాడింది నేనని."

అత్తగారు వేడినీళ్ళ సంచి మోకాలికి ఒత్తుకుంటోంది. "అంటాను. ఇన్నాళ్ళూ ముసల్ది ఉత్తినే నోరాడించిందని నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ. ఆ తర్వాత నిన్ను పాడమంటారు. నిన్న పాడినట్టు పాడతావు. అప్పుడు ఇద్దర్నీ చూసి నవ్వుతారు."

"నిన్న భయపడ్డాను."

"భయం కాదే. నీకా పాట నిలబడి రాదు."

కోడలు చేతిలోని గిన్నె కింద పెట్టింది. "మీకు తెలుసా?"

"కన్నాలు పెట్టించింది ఎవరనుకున్నావ్?"

"మరి ముసుగు వద్దన్నప్పుడు ఎందుకు చెప్పలేదు?"

పొయ్యి మీద నీళ్ళు మరగడం మొదలైంది. "నాకు మిగిలింది అదొక్కటేనే," అంది అత్తగారు చివరికి.

"నాకు మొదలవ్వాల్సింది కూడా అదొక్కటే."

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న భర్త, "ఇద్దరూ కాస్త ఊరుకోండి, గోడవతల వినబడుతుంది" అన్నాడు.

మర్నాడు ఆమె పల్చటి దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుని పత్రికాఫీసుకి బయల్దేరింది. మరిది వీధి చివర ఎదురయ్యాడు.

"నేనూ వస్తా వదినా. బండి కర్ర పట్టుకున్నవాణ్ణి, నాకంటే సాక్షి ఎవరున్నారు?"

"నువ్వు హాస్యగాడివి. నువ్వు చెప్తే నవ్వుతారు."

"అదీ నిజమే," అన్నాడతను. చాలా నెమ్మదిగా అన్నాడు.

విలేకరి మంచివాడే. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, చెప్పిందంతా విన్నాడు. విన్నాక ఇబ్బందిగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఎలా నమ్మేదమ్మా? మొన్న మీరు పాడింది నేను విన్నాను కదా."

"నిలబడి పాడాను. పడుకుని పాడాలి."

"ఇక్కడా?"

ఆమె లేచింది. రెండు బల్లల మధ్య, చిత్తుకాగితాల బుట్ట పక్కకి జరిపి, నేల మీద వెల్లకిలా పడుకుంది. కాళ్ళు దగ్గరికి చేర్చి, దుప్పటి మొహం మీదికి లాక్కుంది. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "డాక్టర్ని పిలవమంటారా?" అన్నారు. టైపు మిషన్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది.

లేవవే మొద్దుపిల్లా, ఎండ నడినెత్తికొచ్చింది...

మొదటి చరణానికి నవ్వారు. రెండో చరణానికి పక్క గదిలోవాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మూడో చరణం అయ్యేసరికి ఒక్కరూ నవ్వడం లేదు. ఆమె దుప్పటి తీసి లేచి కూర్చుంది. విలేకరి కళ్ళజోడు చేతిలో ఉంది, కళ్ళు తడిగా ఉన్నాయి. చూసింది. ఇక చెప్పాల్సిందేమీ లేదనుకుంది.

"అద్భుతం," అన్నాడతను. "అచ్చం ఆవిడే. కళ్ళు మూసుకుంటే మీ అత్తగారు వచ్చి కూర్చున్నట్టే ఉంది! ఎంత బాగా నేర్పారమ్మా మీకు!"

ఆమె దుప్పటి దులిపి, మడత పెట్టి, సంచిలో పెట్టుకుంది. చిత్తుకాగితాల బుట్టని తిరిగి దాని చోటికి జరిపింది.

ఈసారి పత్రికలో పెద్దగానే వచ్చింది. 'అత్తగారి గొంతుకి అద్దం' అని శీర్షిక. అంత గొప్ప విద్యని కోడలికి ధారపోసిన ఆవిడ ఔదార్యం గురించి ఒక పేరా. అత్తగారు చదివి, కాగితం మడిచి, గడియారం వెనక పెట్టింది. నవ్వలేదు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మళ్ళీ ఆటకి తల్లి వేషం కోసం చక్రాల కుర్చీ ఒకటి తయారుచేయించారు. అత్తగారు ముసుగు వేసుకుని అందులో కూర్చుంది. బండి దగ్గర దర్జీ చెల్లెలు ఎక్కబోతుంటే కోడలు ఆ పిల్లని వెనక్కి లాగి, తానే ఎక్కి పడుకుంది. ఎవరూ ఎక్కమనలేదు. ఆ పాట ఆ గొంతులో వినాలంటే ఆమెకి అక్కడ తప్ప చోటు లేదు.

మరిది బండి కర్ర పట్టుకున్నాడు. ఎప్పుడూ అడిగేది అడగలేదు. దుప్పటి కిందనుంచి ఆమే, "తొయ్యి, ఎంతసేపు?" అంది.

అత్తగారు బతికున్నన్నాళ్ళూ అలాగే సాగింది. పోయిన రోజున ఇంటి ముందు రోడ్డు నిండిపోయింది. ఆవిడని తెల్లటి దుప్పటి కప్పి ముందుగదిలో పడుకోబెట్టారు. ఎవరో అభిమాని లౌడ్‌స్పీకరు తెచ్చి ఆ రికార్డు పెట్టాడు. లేవవే మొద్దుపిల్లా అని గొంతు వీధంతా పరుచుకుంది. జనం వెక్కి వెక్కి ఏడ్చారు. "అలాంటి గొంతు మళ్ళీ పుడుతుందా?" అని ఒక పెద్దావిడ కోడలి భుజం పట్టుకుని అడిగింది.

"పుట్టదండీ," అంది కోడలు.

పక్కన నిలబడ్డ మరిది ఆమె చెవిలో అన్నాడు, "ఇవాళ తిరగబడింది వదినా. అమ్మ పడుకుంది, నువ్వు నిలబడ్డావు." మళ్ళీ వంగి, "పాట మాత్రం ఆవిడకే పోయింది" అన్నాడు. హాస్యగాళ్ళు ఏడిస్తే మొహం వికారంగా ఉంటుంది. ఆమె అతని వైపు చూడకుండా అత్తగారి కాళ్ళ దగ్గర చెదిరిన దుప్పటి సరిచేసింది.

దినాలయ్యాక భర్త, "ఇక పాట నీదే" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె అతన్ని చాలాసేపు చూసింది. అతనికి తన మాట ఎక్కడ తప్పిపోయిందో నిజంగానే తెలియదు.

"నిలబడి నాకు రాదండీ," అంది.

తల్లి వేషానికి మంచి కళ్ళున్న ఒక అమ్మాయిని తీసుకున్నారు. పాటకి రికార్డు వేస్తారు, అమ్మాయి ముసుగులో పెదాలు కదుపుతుంది. జనం కూడా అదే కోరుకున్నారు. ఆ పాట ఆవిడ గొంతులో తప్ప వేరే గొంతులో వినలేమన్నారు. కూతురి వేషానికి వయసు సరిపోదని ఎవరో అనబోతే, సున్నపు పొడి కింద వయసెవరు చూస్తారని మరిదే సర్దిచెప్పాడు. అదీగాక ఇంత కదలకుండా పడుకునే మనిషి ఇంకొకరు దొరకలేదు.

రికార్డు మొదలవగానే దుప్పటి కింద ఆమె కూడా అందుకుంటుందని మరిది అంటాడు. అతనికి తప్ప ఎవరికీ వినబడదు. రికార్డులో ఉన్నది పాత ఊపిరి, ఇప్పుడున్నది ముసలి ఊపిరి. మూడో చరణంలో ఒకచోట రికార్డు ముందుకు వెళ్ళిపోతుంది, ఆమె వెనక మిగులుతుంది. ఆ ఒక్క క్షణం రెండు గొంతులుంటాయి. తర్వాత చెయ్యి జారి ఊగుతుంది, తెర పడుతుంది.

బండి తోసే పని ఇప్పుడు మరిదికి కష్టమవుతోందని చక్రాలకి కొత్తగా నూనె పెట్టించారు. వారానికి రెండు ఆటలు ఉన్నాయి. రెండింటికీ బండిలో ఆమే పడుకుంటుంది.